మూడు మానిటర్లు, ఒక గీత

జూన్ 4, బుధవారం

ఈ మానిటర్ పని అయిపోయింది. తొమ్మిదేళ్ళు చాకిరీ చేసింది పాపం. బల్ల మీద సగం చోటు తనే ఆక్రమించుకుని, గదంతా పొయ్యిలా కాచి, ఇప్పుడు గీతలు వంచడం మొదలుపెట్టింది. ఆసుపత్రి ప్లానులో కింది అంతస్తు గీస్తున్నాను. వార్డుకీ నడవాకీ మధ్య ఉన్న గోడ నిటారుగా వచ్చి వచ్చి, సరిగ్గా మధ్యలో నెల తప్పినట్టు కొంచెం ఉబ్బింది. పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. ఉబ్బే ఉంది.

ఈ డబ్బా మానిటర్లకి అద్దమే వంపుగా ఉంటుంది. వయసు మీద పడితే ఇంకా వంగుతుంది కాబోలు.

స్టీలు స్కేలు తెచ్చి స్క్రీన్‌కి ఆనించాను. గీత స్కేలు వెంటే పోయింది. అంటే స్కేలు కూడా వంగిందన్నమాట. పాలిటెక్నిక్‌లో చదివేటప్పుడు కొన్నది, ఎన్నిసార్లు కింద పడిందో.

జూన్ 5, గురువారం

కుడి భుజం మళ్ళీ లాగుతోంది. మందుల షాపు ఆవిడ ఇచ్చిన చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే గంటలో హాయిగా తగ్గింది. ఆవిడ చేతిలో ఏదో మహిమ ఉంది. నిద్రే రావడం లేదు. ప్లాన్లు నెలాఖరుకి ఇవ్వాలి.

జూన్ 7, శనివారం

మానిటర్ సంగతి ఈయనకి చెప్పాను. బస్ డిపోలో మెకానిక్కు కదా, ఏ యంత్రం పాడైందన్నా ముందు చెవి ఆనించి వింటారు. మానిటర్‌కి కూడా చెవి ఆనించారు.

"చప్పుడు బాగానే ఉందే."

"చప్పుడు కాదండీ, గీత చూడండి. మధ్యలో వంగింది."

వంగి చూశారు. కళ్ళజోడు పెట్టుకుని చూశారు. "తిన్నగానే ఉందిగా?"

"మీరు పక్క నుంచి చూస్తున్నారు."

"నీ కుర్చీలో కూర్చునే చూస్తున్నానే!"

ఆయనకి నట్లూ బోల్టులూ తప్ప గీతలేం తెలుస్తాయి? కిటికీ దగ్గర కుర్చీలోంచి నాన్న రేడియో తగ్గించి, "ఏమిటమ్మా మీ ఇద్దరి వాదన?" అన్నాడు. మానిటర్ పాడైంది నాన్నా, గీతలు వంకరగా వస్తున్నాయి అన్నాను.  నాన్న రేడియో మళ్ళీ పెంచలేదు.

మానిటర్ మారిస్తే సరిపోతుంది.

జూన్ 11, బుధవారం

పొద్దున్నే ఇంజినీరు గారి ఫోను. మంచి మనిషే, కానీ ఫోనులో ఆయన గొంతు ఎప్పుడూ కాంక్రీటు మిల్లరు పక్కన నిలబడి మాట్లాడినట్టుంటుంది.

"అమ్మా, ఆ వార్డు గోడని అరడుగు పక్కకి ఎందుకు జరిపారు?"

"నేను జరపలేదండీ."

"మరి దానికదే నడిచి వెళ్ళిందా? స్తంభం ఒకచోట ఉంది, గోడ ఒకచోట ఉంది. కాగితం చూసి మేస్త్రి నవ్వుతున్నాడు, ఈ ఇద్దరికీ మాటల్లేవా సార్ అని."

నేనే జరిపాను. ఉబ్బినట్టు కనిపిస్తే మౌసుతో పట్టుకుని లాగి సరిచేశాను. సరిగ్గా ఉన్నదాన్ని సరిచేశాను. పునాదికి గుర్తులు వేసే లోపలే దొరికింది కాబట్టి బతికిపోయాను. పదిహేడేళ్ళలో ఇలాంటి మాట పడలేదు.

తప్పు మానిటర్‌ది. ఈ శనివారం వెళ్ళి ఫ్లాట్ ప్యానెల్ కొనేస్తాను.

జూన్ 14, శనివారం

కంప్యూటర్ల షాపులో గంటన్నర. అక్కడ మానిటర్లు చూపించే ఆయనకి చాక్‌పీస్ ఒక్కటే తక్కువ, పాఠం చెప్పినట్టు చెబుతాడు. మనసులో మాస్టారు అని పేరు పెట్టేశాను.

"చూడండమ్మా, పాత డబ్బాలో వెనకున్న గొట్టం బొమ్మని ముందుకి చిమ్ముతుంది. అందుకే మూలల్లో సాగుతుంది, మధ్యలో లాగుతుంది. ఇందులో ఆ గొడవే లేదు. ఒక్కో చుక్కా పుట్టినచోటే ఉంటుంది. కదలమన్నా కదలదు."

"అయితే గీత వంగదా?"

"వంగాలన్నా దానికి చేతకాదమ్మా."

ఆ మాటకి ప్రాణం లేచొచ్చింది. అరలో అయిదు మానిటర్లు వరసగా పెట్టారు. ఒకటి అద్దంలా మెరుస్తోంది. చూడ్డానికి బాగుంది కానీ నల్ల బొమ్మ వచ్చినప్పుడల్లా నా మొహమే నాకు కనిపించింది, ఈ మధ్య అది చూసుకునేలా లేదు. ఇంకొకటి బాగా వెడల్పు. "సినిమాలకైతే ఇది, పనికైతే చదరంగా ఉన్నది" అన్నాడు మాస్టారు. ఇంకొకటి పక్కకి జరిగి చూస్తే రంగులన్నీ వెలిసిపోయాయి. నాలుగోది పంతొమ్మిది అంగుళాలు, మెరుపు లేదు, స్టాండు పైకీ కిందకీ జరుగుతుంది, కావాలంటే పలకలా నిలువుగా కూడా తిప్పొచ్చు.

ఒక నిలువు గీత గీసి చూపించమన్నాను. అయిదింటిలోనూ గీయించాను.

అయిదింటిలోనూ మధ్యలో కొంచెం ఉబ్బింది. షాపు నిండా ట్యూబ్‌లైట్లే, ఆ వెలుతురుకి ఏదైనా అలాగే కనిపిస్తుంది. నాలుగోదే ప్యాక్ చేయించాను.

జూన్ 15, ఆదివారం

ఎంత పలచగా ఉందో! బల్ల మీద ఇంత చోటు ఉందని నాకు తెలియనే తెలియదు. పాతదాన్ని ఈయన పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని అటక మీదకి చేర్చారు. నాన్న వచ్చి కొత్తదాని అంచులు వేళ్ళతో తడిమి, "ఇంతేనా? మిగతాది ఏదమ్మా?" అన్నాడు.

గీత సంగతి రేపు చూడాలి. కొత్తది కదా, కంటికి అలవాటు పడాలి.

జూన్ 16, సోమవారం

వంగింది.

జూన్ 17, మంగళవారం

డబ్బాలో పెట్టుకుని ఆటోలో షాపుకి తీసుకెళ్ళాను. గీతలు వంచుతోందండీ అన్నాను. మాస్టారి మొహం చూడాలి. ఆయన జీవితంలో ఎవరూ అలాంటి ఫిర్యాదు చేసి ఉండరు.

దాన్ని పెట్టి గీత గీశాడు. కాగితం అంచు ఆనించాడు. కౌంటర్ దగ్గరున్న ఆవిడని పిలిచి చూపించాడు. ఆవిడ "తిన్నగా ఉంది సార్" అంది. ఇద్దరూ నావైపు చూశారు.

"మేడమ్, ఈ మధ్య కళ్ళజోడు ఏమైనా మార్చారా?"

నాకు ఒళ్ళు మండింది. "నాకు కళ్ళజోడే లేదు. నా కళ్ళకేం? పదిహేడేళ్ళుగా ఈ గీతలే గీస్తున్నాను."

ఆయన మానిటర్‌ని మెల్లగా తిప్పి నిలువుగా పెట్టాడు. "ఇప్పుడు చెప్పండి. ఇందాకటి ఉబ్బు ఇప్పుడు అడ్డంగా ఉండాలి కదా, ఎక్కడుంది?"

ఎక్కడ చూస్తే అక్కడే ఉంది. గీత పై చివర చూస్తే పైన, కింది చివర చూస్తే కింద.

"ఇప్పుడు బాగానే ఉందండీ" అన్నాను.

అయినా మార్చి ఇమ్మన్నాను. మారు మాట్లాడకుండా అదే రకంలో ఇంకొకటి ఇచ్చాడు. మంచివాడు.

బాగానే ఉంది కదా. ఇంచుమించు.

జూన్ 20, శుక్రవారం

కొత్త కొత్తదానికి మధ్యలో వేలిముద్ర ఉంది. బూడిదరంగుగా, పావలా బిళ్ళంత. మెత్తటి గుడ్డ తడిపి తుడిచాను. పొడి గుడ్డతో తుడిచాను. ఈ షాపుల వాళ్ళు చేతులు కడుక్కోరు.

వంటగది తలుపు చట్రం కూడా వంకరగా ఉంది. ఎప్పటి నుంచో అలాగే ఉండి ఉంటుంది, గమనించలేదు.

సాయంత్రం ఈయన డిపో నుంచి వచ్చి ఎదురుగా కూర్చుని ఏదో బస్సు కథ చెబుతున్నారు. వేలిముద్ర ఆయన ముక్కు మీద కూడా ఉంది.

జూన్ 22, ఆదివారం

ఈయన కూరగాయలకి వెళ్ళారు. నేను పని చేస్తున్నట్టు కూర్చున్నాను. నాన్న గోడ పట్టుకుంటూ వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"కొత్తదాంట్లో కూడా వంగిందా అమ్మా?"

"ఊఁ. అన్నీ ఒకే ఫ్యాక్టరీ సరుకు నాన్నా."

"కుడి కన్ను మూసుకుని చూడు. తరవాత ఎడమది మూసుకుని చూడు."

"ఎందుకు?"

"చూడు తల్లీ."

"కాఫీ తాగుతావా?" అని లేచి వంటింట్లోకి వచ్చేశాను. పాలు పొంగి పొయ్యంతా అయ్యాయి.

జూన్ 23, సోమవారం

చూడలేదు.

జూన్ 24, మంగళవారం

చూడలేదు. పని ఎక్కువగా ఉంది.

జూన్ 25, బుధవారం

చూశాను.

జూన్ 26, గురువారం

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

గళ్ళ కాగితం ఒకటి గోడకి అంటించాను. ఎడమ కన్ను మూస్తే అన్ని గళ్ళూ సైనికుల్లా నిలబడ్డాయి. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూస్తే మధ్యలో బూడిదరంగు బిళ్ళ, దాని చుట్టూ గీతలన్నీ దారి తప్పి వంకర్లు తిరుగుతున్నాయి. బిళ్ళ నడుమ ఉన్న గళ్ళు లేనే లేవు. మూడుసార్లు చూశాను. మొహం కడుక్కుని వచ్చి నాలుగోసారి చూశాను.

నాన్నకి ఇలాగే కదా మొదలైంది. గడియారాలు బాగుచేసే మనిషి. ఆవగింజంత మర పడిపోతే చప్పుడు బట్టి ఎక్కడుందో చెప్పేవాడు. ఇప్పుడు నడిమధ్య ఏదీ కనపడదు, అంచులే కనపడతాయి. మనిషిని చూడాలంటే పిట్టలా తల పక్కకి తిప్పి చూస్తాడు. కొట్టు మూసేసి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ నేను చూస్తూనే ఉన్నాను. తెలియక కాదు. తెలిసే స్కేలు వంగిందని రాసుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిప్పి చదివితే నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది.

పొద్దున ఈయన డ్యూటీకి వెళ్ళగానే నాన్న దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. "ఎడమది నాన్నా" అన్నాను. అంతకు మించి చెప్పాల్సిన పని లేకపోయింది.

నాన్న రేడియో ఆపేశాడు. "నాకు మొదట గడియారం ముల్లు వంకరగా కనిపించింది. ముల్లు మార్చాను. తరవాత భూతద్దం మసకేసిందనుకున్నా. మార్చాను. కొత్తదీ అంతే ఉంటే షాపువాడితో పోట్లాడి ఇంకోటి తెచ్చుకున్నా. మూడు భూతద్దాలు కొన్నానమ్మా. కొట్టులో లైటు కూడా మార్పించా. ఇలా ఏడాది గడిపి డాక్టరు దగ్గరికెళ్తే, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారండీ అన్నాడు."

నాన్న మోకాలికి తల ఆనించాను.

"నువ్వు మానిటర్ కొన్నావంటే నా గుండె జారిపోయింది. రెండోది మార్చుకొచ్చావంటే నాకు నేనే కనిపించాను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా నాన్నా!"

"చెబితే నిజమైపోతుందేమోనని భయమేసింది."

ఇద్దరం ఒకే తానులో గుడ్డలం. శనివారానికి కంటి డాక్టరు దగ్గర సమయం తీసుకున్నాను. ఈయనకి చెప్పలేదు. నాన్న నేనూ వస్తానన్నాడు. నువ్వొచ్చి ఏం చేస్తావు అంటే, "ఆ హాలులో కూర్చోవడం నాకు అలవాటే, తోడుంటాను" అన్నాడు.

జూన్ 28, శనివారం

అన్నీ వరసగా రాయాలి. ఒక్క మాట కూడా పోకూడదు.

హాలులో అందరూ పైకి చూస్తూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నాకూ చుక్కలు వేశారు. అరగంటలో అన్నీ అలుక్కుపోయాయి. చేతికి సూది గుచ్చి పసుపుపచ్చ మందు ఎక్కించి కంటి వెనక ఫొటోలు తీశారు. ఇంకో యంత్రం మీద గడ్డం ఆనించమన్నారు, అది పొరలు పొరలుగా కోసినట్టు చూపిస్తుందట. ప్రతిసారీ ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నాన్న అడుగుల చప్పుడు గుర్తుపట్టి లేచి నిలబడేవాడు.

డాక్టరు ఆవిడకి నా వయసే ఉంటుంది. గబగబా మాట్లాడుతుంది, మనకేసి చూడదు, ఫొటోకేసి చూస్తుంది.

"ఏం పని చేస్తారు?"

"ఇళ్ళ ప్లాన్లు గీస్తానండీ."

"అయితే మీకు సుళువుగా అర్థమవుతుంది. గోడకి చెమ్మ పట్టి సున్నం ఉబ్బుతుంది చూశారా? మీ ఎడమ కంటి పొర కింద అలా నీరు చేరి చిన్న బుడగ వచ్చింది. అందుకే గీతలు వంగుతున్నాయి. గోడ గట్టిదే. చెమ్మ ఆరితే సర్దుకుంటుంది."

 నాన్నే అడిగాడు. "డాక్టరమ్మా, ఇది నాకున్న జబ్బేనా?"

ఆవిడ అప్పుడు మొదటిసారి ఫొటో వదిలి మనిషిని చూసింది. నాన్న తల పక్కకి తిప్పి ఆవిడ మొహం వెతుక్కుంటున్నాడు. ఆవిడకి అర్థమైంది. కుర్చీ ముందుకి జరుపుకుని నెమ్మదిగా చెప్పింది. "కాదండీ. మీది వేరు, ఇది వేరు. మీ నుంచి వచ్చింది కాదు."

"ఇంకోసారి చెప్పండమ్మా."

"మీ నుంచి వచ్చింది కాదు. ఎక్కువమందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే వైద్యం ఉంది. ఈ వయసులో ఇది ఎందుకొస్తుందంటే, నిద్ర లేకపోవడం, ఆందోళన, లేదా స్టెరాయిడ్ మందులు. మీరేమైనా వాడుతున్నారా?"

"లేదండీ."

"ఆ భుజం మాత్రలో?" అన్నాడు నాన్న.

"అవి నొప్పి మాత్రలు నాన్నా."

డాక్టరు చెయ్యి చాపింది. సంచీలోంచి అట్ట తీసి ఇచ్చాను. వెనక్కి తిప్పి చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎన్నాళ్ళుగా?"

"రెండు నెలలు. మూడేమో."

"ఎవరిచ్చారు?"

"మందుల షాపు ఆవిడ."

"ఆవిడ ఎప్పుడు డాక్టరీ చదివారు?"

చిన్నపిల్లలా తల దించుకున్నాను. అవి స్టెరాయిడ్లేనట, ఒక్కసారిగా మానేయకూడదట. ఎలా తగ్గించుకుంటూ రావాలో తేదీలు వేసి కాగితం మీద రాసిచ్చింది. గళ్ళ కార్డు ఒకటి ఇచ్చి రోజూ ఒక్కో కంటితో చూడమంది, ఉబ్బు పెరిగితే వెంటనే రమ్మంది. ఆరు వారాలకి మళ్ళీ ఫొటో. "పొద్దున కాసేపు గీసుకోండి. కానీ ఎనిమిది గంటలు పడుకోవాలి. అదే అసలు మందు" అంది.

బయటికి వచ్చి నడవా మలుపులో నాన్న గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నాన్న ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇవాళే.

"ఏంటి నాన్నా, తగ్గిపోతుందన్నారుగా!"

"అందుకేనే." జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆరేళ్ళ నుంచీ నాకున్న భయం ఇదొక్కటే. నాకు పోతే పోయింది, నీకిచ్చానేమోనని. నీకు నా ముక్కిచ్చాను, మొండితనం ఇచ్చాను. ఇది మాత్రం ఇవ్వలేదు."

నేనూ ఏడ్చాను. మందు చుక్కలూ కన్నీళ్ళూ కలిసి ఏమీ కనపడలేదు.

బయట ఎండ మొహాన కొట్టింది. చుక్కల మూలంగా నాకు అంతా తెల్లటి మంట. నాన్నకి మధ్యలో కనపడదు. రోడ్డు పక్కన చేతులు పట్టుకుని నిలబడ్డాం.

"వస్తున్నదేమిటో చూడు" అన్నాడు నాన్న.

"ఎర్రగా ఏదో వస్తోంది. నువ్వు చెప్పు, దూరంగా ఉందా దగ్గరగా ఉందా?"

"అది రావట్లేదమ్మా, ఆగి ఉంది. అది పోస్టు డబ్బా."

అక్కడే నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. చివరికి ఎవరో పెద్దావిడ, నాన్న కంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, మా ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని దాటించింది.

జూన్ 29, ఆదివారం

ఈయనకి అంతా చెప్పాను. అరుస్తారేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది. చాలాసేపు చేతికంటిన గ్రీజు మరక గోకుతూ కూర్చున్నారు.

"బస్సు గేటు బయట ఉండగానే ఇంజను చప్పుడులో తేడా పసిగడతాను" అన్నారు. "ఎదురుగా కూర్చుని నువ్వు నా మొహం వెతుక్కుంటుంటే నాకు తెలియలేదు."

"నేను తెలియనివ్వలేదు."

"ఎందుకని?"

"మీకు చెబితే పని మానేయమంటారని."

"మానేయమనను. పడుకోమంటాను." లేచి, ఉతికిన దుప్పటి తెచ్చి మానిటర్ మీద కప్పేశారు. "పొద్దున రెండు గంటలు తీస్తాను. తరవాత ఇదీ పడుకుంటుంది, నువ్వూ పడుకుంటావు."

ఆ మాటకి కోపం రావాలి నాకు. రాలేదు. మధ్యాహ్నం మూడు గంటలు ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

జూన్ 30, సోమవారం

ఇంజినీరు గారికి ఫోను చేశాను.  గోడ జరగడానికి కారణం చెప్పాను, నెలాఖరుకి ఇవ్వలేనని చెప్పాను. వేరేవాళ్ళకి ఇచ్చేసుకోండి అని కూడా అన్నాను.

 "నెలాఖరన్నది ఆకాశం నుంచి ఊడిపడిందా అమ్మా? నేను పెట్టిందే. నేనే జరుపుతాను" అన్నారు. "మీరు గోడనే జరిపారు, నేను తేదీ జరపలేనా?"

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ రిసీవరు మీదే చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఈ నెల రోజులూ ఎవరికి భయపడ్డానో వాళ్ళెవరూ నన్నేమీ అనలేదు.

జూలై 9, బుధవారం

మాత్ర సగానికి తగ్గింది. భుజం గోల పెడుతోంది, పెట్టనీ. వేడి నీళ్ళ సంచీ పెట్టుకుంటున్నాను. బిళ్ళ అలాగే ఉంది.

జూలై 13, ఆదివారం

అలాగే ఉంది. కాస్త పెరిగిందా? లేదు. అలాగే ఉంది. భయమేసి నాన్నని అడిగాను, తగ్గకపోతే ఎలా అని. "తగ్గకపోతే వైద్యం ఉందన్నారుగా. నువ్వు సగం మాటే విని వస్తావు చిన్నప్పటి నుంచీ" అన్నాడు. నిజమే.

జూలై 20, ఆదివారం

గళ్ళ కార్డు వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించాను. రోజూ పొద్దున నాన్న పక్కన నిలబడి అడుగుతాడు, "ఇవాళ ఎంత?"

"పల్లీ గింజంత."

"నిన్న?"

"బఠాణీ అంత."

"పల్లీ పెద్దదా బఠాణీ పెద్దదా?"

పది నిమిషాలు వాదించుకున్నాం. చివరికి రెండూ డబ్బాల్లోంచి తీసి పక్కపక్కన పెట్టి చూడాల్సి వచ్చింది. పల్లీయే పొడుగు. నాన్నకి దిగులు పట్టుకుంది. రంగు పలచబడింది నాన్నా, లోపల గీతలు కనిపిస్తున్నాయి అన్నాక గానీ కాఫీ తాగలేదు.

జూలై 30, బుధవారం

మాత్రలు పూర్తిగా మానేశాను. పెసరగింజ.

ఆగస్టు 9, శనివారం

ఫొటో తీశారు. జూన్‌లో తీసినదీ ఇవాళ తీసినదీ పక్కపక్కన పెట్టి చూపించింది డాక్టరు. అప్పుడు గుట్ట, ఇప్పుడు మైదానం. "ఆరిపోయింది" అంది. "మళ్ళీ రాకూడదంటే నిద్ర పోండి. ఆ మందుల షాపు వైపు వెళ్ళకండి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెట్టాను. అన్నీ తిన్నగా ఉన్నాయి. ఒకటి మాత్రం వంగి ఉంది. ఎడమ కన్ను మూసి చూశాను, కుడి కన్ను మూసి చూశాను. నిజంగానే వంగిందది. ఎంత సంతోషం వేసిందో! పక్క సీటావిడ నేను స్తంభానికి కన్ను కొడుతున్నాననుకుంది.

ఆగస్టు 10, ఆదివారం

ఈయన దుప్పటి తీసేశారు. ఇక రోజంతా తీసే ఉంచవచ్చని అనుమతి. రెండో మానిటర్‌ని ఇవాళే మొదటిసారి సరిగ్గా చూశానేమో. గీత కత్తితో కోసినట్టుంది.

కానీ కింద కుడి మూలకి ఒక పచ్చటి చుక్క వెలుగుతోంది. ఏ రంగు పెట్టినా అది పచ్చగానే ఉంటుంది. నాన్నని పిలిస్తే ఆయనకి కనపడలేదు. ఈయనని పిలిచాను, గుండె చిక్కబట్టుకుని.

"ఆఁ, ఉంది. పచ్చ చుక్క. ఆవగింజలో సగం" అన్నారు.

హమ్మయ్య.

ఆగస్టు 16, శనివారం

షాపుకి వెళ్ళాను. డబ్బాతో నన్ను చూడగానే మాస్టారు లేచి నిలబడ్డాడు. పాపం, మళ్ళీ ఏ గీత వంగిందో అనుకుని ఉంటాడు.

ముందు నిజం చెప్పాను. ఆ రోజు మానిటర్‌ది తప్పు కాదండీ, నా కంట్లో నీరు చేరింది, మీ మీద విసుక్కున్నాను, ఏమీ అనుకోవద్దు అని.

ఆయన కూర్చోమని కుర్చీ చూపించాడు. "తిప్పి చూపించినప్పుడే నాకు అనుమానం వచ్చిందమ్మా. మానిటర్‌లో లోపమైతే దాంతోపాటే తిరగాలి. చెప్పాలని నోటి దాకా వచ్చింది. మీరు 'బాగానే ఉంది' అన్న తీరు చూసి ఆగిపోయాను. తరవాత చాలా రోజులు అదే ఆలోచన, చెప్పి ఉండాల్సింది కదా అని. ఇప్పుడు తగ్గిందా?"

"పూర్తిగా."

"బతికించారు." నా కంటే ఆయనకే ఎక్కువ తేలికైనట్టుంది. టీ తెప్పించాడు.

"కానీ దీంట్లో మాత్రం నిజంగానే లోపం ఉందండీ" అని పచ్చ చుక్క చూపించాను. ఆయన ముక్కు ఆనించి చూసి పకపకా నవ్వాడు. "మీరు తిరిగిచ్చిన మొదటిదానికి ఒక్క చుక్క కూడా చెడలేదు. పెట్టె విప్పినది కదా, మళ్ళీ అమ్మబుద్ధి కాక నా బల్ల మీదే పెట్టుకున్నాను. అదే తీసుకెళ్తారా?"

అసలైన ఎంపిక అప్పుడు చేశాను. నేను తెచ్చినది, ఆయన బల్ల మీదది, అరలోంచి ఇంకొకటి, మూడు మానిటర్లు పక్కపక్కన పెట్టించాను. తెల్ల రంగు పెట్టి, నల్ల రంగు పెట్టి, మూలమూలకీ వెళ్ళి చూశాను. సన్న అక్షరాలు చదివాను. పక్కకి జరిగి, వంగి, నిలబడి చూశాను. తొందరేమీ లేదు. చూడటమే ఇంత బాగుంటుందని ఎవరికి తెలుసు? గంట గడిచాక మొదటిదే బాగుందని తేల్చాను.

"రెండు నెలల కిందట మీరు గంటన్నర చూసి చెప్పింది కూడా ఇదే" అన్నాడు మాస్టారు.

"అప్పుడు చూసి చెప్పలేదండీ" అన్నాను.

సెప్టెంబరు 3, బుధవారం

ఆసుపత్రి ప్లాన్లన్నీ ఇచ్చేశాక ఈ పది రోజులూ చిన్న ఇల్లు ఒకటి గీశాను, కింద రెండు గదులు, పైన ఒకటి. నిన్న పంపించాను. పొద్దున ఇంజినీరు గారి ఫోను, మిల్లరు చప్పుడుతో సహా.

"ఏమ్మా, పైన స్నానాలగది తలుపు మెట్ల మీదకి తెరుచుకుంటోంది. స్నానం చేసి బయటికొచ్చినవాడు నేరుగా కిందికి దొర్లుకుంటూ వెళ్ళాలా?"

గబగబా తెరిచి చూశాను. నిజమే. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి, కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, తలుపు మాత్రం అటువైపు పెట్టాను. కంటికి సంబంధం లేదు, మాత్రకి సంబంధం లేదు, మానిటర్‌కి అసలే లేదు. బుర్ర ఎక్కడో పెట్టుకుని చేశాను, అంతే.

నవ్వు ఆగలేదు.

"నవ్వుతారేమిటమ్మా? నేను తిడుతున్నాను."

"తిట్టండి సార్, తిట్టండి."

కిటికీ దగ్గర నుంచి నాన్న కంగారుగా తల పక్కకి తిప్పాడు. "ఏమైందమ్మా?"

"తప్పు చేశాను నాన్నా. ఉత్త మామూలు తప్పు."

తలుపు తిప్పి పంపించాను. ఇవాళ ఇంక రాయడానికి ఏమీ లేదు.